ఒక పాట, పలు కంఠములు

పాట పుట్టుట యొకచోట, పెరుగుట మరియొకచోట. పెంచినవారిని తలచుకొని కన్నవారిని మరచుట పాటల విషయమున తరచుగ జరుగుచుండును. ‘మా తెలుగుతల్లికి’ అను పాట యిందులకు మంచి నిదర్శనము. దానిని వినని పెద్దలు మన పల్లెలలో నుండరు. అది ఎట్లు వ్రాయబడినది, ఎట్లు రికార్డున కెక్కినది, ఎవరెవరి నోట మన బాన్సువాడ వరకు వచ్చినది, తుదకు దాని గతి యేమైనది అను సంగతులను నేడు విన్నవించెదను.

ముందుగ నా తప్పు నొప్పుకొందును. ఈ ప్రాంతమున నేను ముప్పది యేండ్లకు పైగా బడిపంతులుగ పనిచేసితిని. ఉదయమున పిల్లలను వరుసలుగ నిలిపి ఈ పాటను పాడించుచుంటిని. ఒకనాడు ఐదవ తరగతి పిల్లవాడొకడు, “సారూ, ఈ పాట ఎవలు రాసిన్రు?” అని యడిగెను. నేను తడుముకొనక, “టంగుటూరి సూర్యకుమారి” అంటిని. ఆమె పాడిన రికార్డును రేడియోలో పలుమార్లు వినియుంటిని. పాడినామెయే వ్రాసినదని తలచితిని. అది తప్పని నాకు తెలియుటకు చాలకాలము పట్టెను. అప్పటికి ఆ పిల్లవాడు బడి విడిచి పోయెను.

ఆ పాటను వ్రాసిన కవి శంకరంబాడి సుందరాచారి. ఆయన 1914లో తిరుపతి చెంతనున్న తిరుచానూరున జన్మించెను. ఇంటి భాష తమిళము. మనసిచ్చిన భాష తెలుగు. చిన్నతనముననే యిల్లు విడిచి, పొట్టకూటికై హోటలులో వడ్డన చేసెను. ఆంధ్రపత్రికలో ప్రూఫులు దిద్దెను. పిమ్మట పాఠశాలల తనిఖీ యుద్యోగము చేసెను. తెలుగుతల్లికి దండ గ్రుచ్చిన చేయి, అంతకుముందు పరుల విస్తళ్లలో అన్నము వడ్డించిన చేయి యని మనము మరువరాదు.

1942లో చిత్తూరు నాగయ్య నటించిన ‘దీనబంధు’ అను చలనచిత్రము వచ్చెను. ఈ పాట ఆ చిత్రము కొరకు వ్రాయబడినది. కాని చిత్రమున దానికి చోటు దొరకలేదు. నాగయ్య కవికి నూటపదియారు రూపాయలిచ్చి పాటను తీసికొని, దానిని గ్రామఫోను రికార్డుగ వెలువరించుటకు కారకుడయ్యెనని చెప్పుదురు. పాడినది సూర్యకుమారి. ఆమె ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి సోదరుని కుమార్తె. ‘దీనబంధు’ నాటికి ఆమె వయస్సు పదునేడేండ్లకు మించదు. చిత్రము వెడలగొట్టిన పాటను రికార్డు చేరదీసెను. చిత్రమును నేడెందరో యెరుగరు. పాటను ఎరుగనివారు లేరు.

ఆనాటి రికార్డనిన నేమో పడుచువారికి తెలియదు గనుక రెండు మాటలు చెప్పెదను. అది లక్కతో చేసిన నల్లని పళ్లెము. పిడి త్రిప్పి యంత్రమునకు చావి యిచ్చినచో, నిమిషమునకు డెబ్బదియెనిమిది చుట్లు తిరుగును. ఉక్కుసూది దాని గాడులలో నడచుచు పాటను పలికించును. చేయి జారినచో పళ్లెము పెంకులగును. మామూలు పళ్లెమున ఒక్కొక్క ప్రక్క పట్టునది ఇంచుమించు మూడు నిమిషముల పాటయే. రాత్రి తెల్లవార్లు భజన సాగించు మనవంటివారికి ఆ కొలత చిత్రముగ తోచును. కాని ఆ బిగువు వలననే పాట చెదరక, బడిపిల్లలకు సైతము నోటికి వచ్చుట కనువయ్యెను.

మన దేశమున గ్రామఫోనువారు పాటలు పట్టుట 1902లో కలకత్తాలో నారంభమయ్యెను. నాడు గౌహర్ జాన్ అను గాయని పాట ముగియగనే తన పేరును తానే ఇంగ్లీషున పలుకుచుండెను. పళ్లెములచ్చు జర్మనీ దేశపు హానోవరు నగరమున జరుగుచుండెను; అచటి పనివారికి అది యెవరి పాటయో తెలియుటకే యీ యేర్పాటు. కలకత్తాలో 1908లో కర్మాగారము వెలసిన పిదప ఆ యవసరము తీరిపోయెను. అయినను మొదటినుండియు రికార్డునకు గుర్తు పాడినవారి పేరే. కవి పేరును ఎవరును పలుకలేదు. నేను పిల్లవానికి తప్పు చెప్పుటకు మూలమిందు కొంత కలదు. నా యజాగ్రత్త మిగిలినది.

ఇక పాట మన యూరికి వచ్చిన విధము. అది పుట్టినపుడు బాన్సువాడ నిజాము రాజ్యమున నుండెను. బడిలో ఉర్దూ నడచుచుండెను. 1948లో నిజాము పాలన ముగిసెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1975లో హైదరాబాదున మొదటి ప్రపంచ తెలుగు మహాసభలు జరిగెను. ఆ యేటనే ఈ పాట రాష్ట్రగీతమయ్యెను. కవి దానిని కన్నులార చూచి 1977లో లేమిలోనే కన్నుమూసెను. గాయని లండనులో స్థిరపడి 2005లో అక్కడనే గతించెను. ఆ తరువాత 2010లో ‘లీడర్’ అను చిత్రమున ఆమె కంఠమే మరల వినబడెను. ఈ నడుమ పల్లెపల్లెన పాడిన పిల్లల కంఠములకు లెక్క లేదు. వానిని ఏ రికార్డును పట్టలేదు.

ఆ 2010 నాటికే మన ప్రాంతమున తెలంగాణ యుద్యమము ఉధృతముగ నుండెను. ఈ తల్లి మా తల్లి కాదని అనేకులనిరి. వారి మాటను నేను తీసివేయను. నీటియందును కొలువులయందును అన్యాయము జరిగెనని తలచినవారికి, ఉమ్మడి గీతము గొంతు దిగుట కష్టమే. 2014లో రాష్ట్రము వేరయ్యెను. మన బడులలో ఆ పాట నిలిచిపోయెను. నేనును పాడించుట మానితిని. ‘జయ జయహే తెలంగాణ’ను వ్రాసిన అందెశ్రీ బడి చదువు లేనివాడు, పశువుల కాచినవాడు. ఉద్యమకాలమున ఎందరో గొంతెత్తి పాడిన ఆ పాట 2024లో రాష్ట్రగీతమయ్యెను. కీరవాణి సంగీతమున దానిని రెండు విధములుగ రికార్డు చేసిరి: ఒకటి రెండున్నర నిమిషములది, మరియొకటి పదమూడున్నర నిమిషములది. ఎంతసేపైనను పట్టు యంత్రములు వచ్చినను, సభలో పాడుటకు మరల లక్కపళ్లెపు కొలతకే దిగవలసి వచ్చెను! ఆంధ్రప్రాంతమువాడు బాణీ కట్టుటేమని కొందరాక్షేపించిరి. పాట యెవరిది యను తగవు దానికిని తప్పలేదు.

నాకు తోచినది చెప్పెదను. రాష్ట్రమునకు ఏ గీతము తగునో నిర్ణయించుట ప్రజల హక్కు. కాని గీతము మారినంత మాత్రమున పాట చరిత్ర మారదు. మన మంజీర నిజాంసాగరమున నిలిచి మన వరిచేలను తడిపి, కందకుర్తికడ గోదావరిలో కలియుచున్నది. ఆ పాటలోని గోదావరిలో మన నీరు కలదు. ఆ పాటలోని రుద్రమ ఓరుగల్లు నేలినది. హోటలులో వడ్డించినవాడును, పశువులను కాచినవాడును మనకు చెరియొక పాటను ఇచ్చిపోయిరి. ఒకదానిని నెత్తిన పెట్టుకొనుటకు రెండవదానిని నేలకు కొట్టనక్కరలేదు.

పెద్దలారా! మన భజనలలో కీర్తన కడపట ముద్ర యుండును. ఎవరు పాడినను, ఏ రాగమున పాడినను, చివర రామదాసు పేరో త్యాగయ్య పేరో వచ్చి తీరును. అందువలననే వందల యేండ్లుగ కర్త మరుగుపడలేదు. సుందరాచారి తన పాటలో త్యాగయ్యను తలచెను, తిక్కనను తలచెను. తన ముద్రను మాత్రము వేసికొనలేదు. ఆ ముద్రను మనము వేయవలెను. మీ మనుమలెవరైనను ఒక పాట పాడినపుడు, బాగుగ పాడితివని మెచ్చుకొని, వ్రాసినదెవరని కూడ నడుగుడు. నన్నడిగిన పిల్లవాడు నేడెక్కడనున్నాడో! ఈ ప్రసంగము వాని చెవిని బడినచో, వానికి నేను బాకీపడిన జవాబిది: ఆ పాట వ్రాసినది శంకరంబాడి సుందరాచారి.