హడర్సుఫీల్డు గానసంఘము

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున యార్కుషైరు మండలములో హడర్సుఫీల్డు అను పట్టణము కలదు. ఉన్నిబట్టల పరిశ్రమవలన పేరొందిన ఊరు. 1836వ సంవత్సరము జూను 7వ తేదీని అచటి సంగీతప్రియులు కొందరు 'నాగలి' అను పేరుగల యొక పానశాలలో సమావేశమై, కలిసి పాడుకొనుటకై యొక సంఘమును స్థాపించిరి. తమకు తామే నిబంధనలు వ్రాసికొనిరి. అందొకటి చదువరులకు వింతగా తోపవచ్చును. సంఘము నెలకొకమారు, పూర్ణిమనాడు గాని, పూర్ణిమకు ముందు గాని వచ్చు శుక్రవారమున కూడవలెనట. ఇందు తిథివారముల పట్టింపేమియు లేదు. ఆ ఊరికి రైలుబండి వచ్చినది 1847లో. అంతకుముందు చుట్టుపట్ల కొండవాలులనున్న పల్లెలనుండి గాయకులు నడిచి రావలెను, పాట ముగిసిన పిదప చీకటిలో నడిచియే పోవలెను. చంద్రుడే వారి దివిటీ. వెన్నెలరాత్రులయందు భజనలు, హరికథలు ఏర్పరచుకొను మన పల్లెవారికి ఈ లెక్క ఇట్టే బోధపడును.

గొప్ప గాయకుల చరిత్రలు, వారిని పోషించిన ప్రభువుల చరిత్రలు మనకు కావలసినన్ని కలవు. పగలెల్ల మగ్గము కడనో, అంగడిలోనో, కొలిమియొద్దనో పాటుపడి, సాయంకాలము సంగీతమునకై కూడినవారి చరిత్ర వ్రాయబూనువారు తక్కువ. హడర్సుఫీల్డు సంఘపు కథ చెప్పదగినదని నాకు తోచుట ఇందులకే. ఇట్టి ప్రయత్నములలో అది మొదటిదియు కాదు. పొరుగూరైన హాలిఫాక్సున 1817లోనే యొక గానసంఘము పుట్టి, మరుసటి సంవత్సరము హైడను రచించిన 'సృష్టి' యను మహాకృతిని పాడెను. ఆ ప్రాంతమున ప్రార్థనాలయములును, ఆదివారపు బడులును సామాన్యులకు పాట నేర్పుచుండెను. అదే ప్రాంతమున 1812లో, తమ నోటికూడు తీయుచున్న యంత్రములను పనివారు రాత్రివేళ పగులగొట్టిరి, సైన్యము దిగెను, ఉరిశిక్షలు పడెను. పాట పెరిగిన నేల అట్టిది. తీరికగలవారి కాలక్షేపముగా దీనిని భావింపరాదు.

ఆ నిబంధనలలో నన్ను మిక్కిలి ఆకర్షించినది వంతుల నిబంధన. రాబోవు కూటమున ఏ మహాకృతిని పాడవలయునో ఎన్నుకొను హక్కు సభ్యులకు ఒకరి తరువాత నొకరికి వచ్చుచుండెను. ఆ కృతి ప్రతులు సంపాదింప వీలగునను నమ్మకము తక్కినవారికి కలిగిన చాలును. దీని విలువ తెలియవలెనన్న ఆనాటి రాజ్యాంగమును తలచుకొనవలెను. 1832లో పార్లమెంటు సంస్కరణచట్టము వచ్చినను, పట్టణములలో ఏటికి పది పౌనుల విలువగల ఇంట కాపురముండు పురుషులకే వోటు దక్కెను. కూలిపై బ్రతుకు నేతగానికి దేశము నేలువారిని ఎన్నుకొను హక్కు లేదు. హెండెలు కృతి పాడుదమా, హైడను కృతి పాడుదమా యని తేల్చు హక్కు మాత్రము ఈ చిన్న సంఘమున అట్టివానికిని రావచ్చును. స్వపరిపాలనము పెద్ద సభలలోనే నేర్వదగిన విద్య యనుకొనువారు ఈ సంగతిని గమనింతురు గాక.

ఇంకొక నిబంధన ననుసరించి కూటమునకు వచ్చిన ప్రతి సభ్యునికి రొట్టె, జున్ను, వానితోపాటు మూడు చిన్న కొలతల బీరును లభించుచుండెను. మన మద్యపాననిషేధవాదులు ఇచట నొసలు చిట్లింతురని యెరుగుదును. నడిచివచ్చిన గొంతు తడుపుకొనుటకు మజ్జిగ యేల చాలదని నేనును అడుగుదును. అయినను కలిసి పాడుట, కలిసి భుజించుట ఒకదానితో నొకటి ముడివడి యుండుటలో కొంత అర్థము కలదు. మన దేశమున ఆ రెండవది ఎంత కష్టసాధ్యమో చెప్పనక్కరలేదు.

వారి పాటకును మన పాటకును గల భేదమును ఇచట కొంత వివరింపవలెను. మన భజనగోష్ఠిలో పదిమంది పాడినను నూరుమంది పాడినను వరుస ఒక్కటే. వారి బృందగానమున హెచ్చు తగ్గు స్థాయిలనుబట్టి నాలుగు పాయలుండును. నాలుగింటికి నాలుగు వేరువేరు వరుసలు, అన్నియు నొకేసారి సాగును. ఏ పాయకు ఆ పాయ విడిగా వినిన అసంపూర్ణముగా నుండును. ఈ రెండు పద్ధతులలో ఏది గొప్ప యను వాదము దండుగ. కాని వారి పద్ధతివలన ఒక ఫలము కలిగెను. తన వరుస ఎంత బాగుగా వచ్చినను ఇంటిలో నొంటిగా కూర్చుండి పాడిన అది పాట కాదు. పొరుగువాడు వేరు వరుస పాడుచుండగా చెవి యొగ్గి వినవలెను, వినుచునే తన వరుస తప్పక నిలువవలెను. కావుననే అట్టి సంగీతమునకు సంఘము, క్రమము తప్పని కూటములు, నిబంధనలు, గ్రంథభాండారము అవసరమైనవి.

నాలుగు వరుసల పాటకు వ్రాతప్రతి కావలెను, దానిని చదువగల నేర్పును కావలెను. మొదట ఈ రెండును సామాన్యుని చేతికి అందనివే. హెండెలు రచించిన 'మెస్సయ్య' మొట్టమొదట 1742 ఏప్రిలు 13వ తేదీని డబ్లిను నగరమున, అప్పులపాలై చెరసాలలో నున్నవారికిని, రెండు వైద్యశాలలకును సహాయార్థము పాడబడెను. ధర్మకార్యమునకై వెలసిన ఆ కృతి వందయేండ్లపాటు వెలలో మాత్రము ధనికుల సొత్తుగనే యుండెను. లండనులో నోవెల్లో అను సంగీతప్రకాశకులు 1846లో దానిని నెలకొక భాగము చొప్పున, భాగము ఆరు పెన్సులకు ప్రకటింప నారంభించిరి. కొన్నియేండ్లకు పుస్తకమంతయు షిల్లింగునకే దొరకజొచ్చెను. ఈ ఆల్‌ఫ్రెడు నోవెల్లో కాగితముపై పన్నును, పత్రికలపై పన్నును 'విజ్ఞానముపై పన్ను' లని నిందించి, వానిని రద్దుచేయించుటకు పాటుపడినవారిలో నొకడు. కాగితపు పన్ను 1861లో తొలగెను.

ఇక చదువు సంగతి. నార్విచి నగరమున సారా గ్లోవరు అను ఉపాధ్యాయిని పిల్లలకు పాట నేర్పుటకై స్వరముల పేళ్ల మొదటి అక్షరములతో నొక లిపి కల్పించి, 1835లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించెను. జాను కర్వెను అను మతబోధకుడు 1841 మొదలుకొని ఆ పద్ధతిని గ్రహించి, మార్పులుచేసి, దేశమంతట వ్యాపింపజేసెను. మార్పులకు మొదట ఆమె అనుమతి యడుగలేదు. కీర్తి చాలవరకు కర్వెనునకే దక్కినది. ఆడుదాని బుద్ధికి పుట్టినదానికి మగవాని పేరు పెట్టుట ఒక్క మన దేశపు ఆచారమే కాదు. ఈ పద్ధతిలో 'డో' యను స్వరము ఒకే శ్రుతికి కట్టుబడి యుండదు. పాట ఏ శ్రుతిలో నెత్తుకొనిన ఆ శ్రుతియే 'డో'. మన బాలబాలికలు సరళీస్వరములు మొదలుపెట్టిన నాడే ఎరిగిన ఆధారషడ్జమును పోలినదే యిది. గీతలు, చుక్కలు అక్కరలేక మామూలు అచ్చక్షరములతోనే ముద్రింపవచ్చును గనుక వెలయు తగ్గెను. ఓనమాలు వచ్చినవాడు కొలది నెలలలో తన వరుస తాను చదువుకొనగలిగెను.

ఇంతవరకు చెప్పినది మెచ్చుకోలు. ఈ సంఘమే 1842లో చేసిన యొక నిబంధనను దాచి మెచ్చుకొనుట చరిత్ర కాజాలదు. రాబర్టు ఓవెను అనుచరులైన సామ్యవాదులు 1839లో ఆ ఊరనే 'విజ్ఞానమందిరము' ను నిర్మించిరి. అచట ఉపన్యాసములు, పఠనము, వారి సొంత గీతముల గానము జరుగుచుండెను. ఆ మందిరమునకు గాని, సామ్యవాదుల సభలకు గాని పోవుచుండువారెవరును తమ సంఘమున సభ్యులుగా నుండరాదని గానసంఘమువారు శాసించిరి. అంతతో ఆగలేదు. తెలిసి తెలిసి సామ్యవాదికి సంగీతపు ప్రతి యెరువిచ్చిన గ్రంథభాండారికిని బహిష్కారమే శిక్ష యనిరి.

1842 ఆకలియేడు. ఆ ఆగస్టు నెలలో పనివారు గుంపులుగా మిల్లులపైబడి ఆవిరియంత్రముల బిరడాలు పెరికి పని ఆపించిరి. ఆ గుంపులు హడర్సుఫీల్డునకును వచ్చినవి. మతనిష్ఠగలవారికి ఓవెను పేరు నాస్తికమునకు మారుపేరు. ఇవన్నియు ఆ శాసనమునకు హేతువులని చెప్పవచ్చును. హేతువు చెప్పుట వేరు, సమర్థించుట వేరు. నాకు మిక్కిలి బాధ కలిగించునది బహిష్కారము కంటెను ప్రతుల నిషేధము. మనిషి రాకూడదన్నారు, సరే. పాట కూడ వాని యింటికి పోరాదా? నాలుగు వేరు వరుసలు కలిసిననే పాట యగునని ప్రతి కూటమున చాటినవారు, వేరు అభిప్రాయముగల పొరుగువాని గొంతును వినజాలకపోయిరి.

వారిని నిందించుటకు ముందు మన భజనమందిరముల గడపలను చూచుకొనవలెను. అన్ని జాతులును భగవంతునికి సమానమని గొంతెత్తి పాడుచు, పాడువారిలో ఎవరు చాపమీద, ఎవరు అరుగుక్రింద, ఎవరు వీధికావల నిలువవలెనో జాతినిబట్టి ఏర్పరచిన ఊళ్లు మనకు తక్కువ కావు. హడర్సుఫీల్డువారు తమ సంకుచితత్వమును కాగితముపై నైనను వ్రాసిరి. మనము వ్రాయలేదు; వ్రాయనక్కరలేకయే అది నడచెను.

స్త్రీల విషయమున ఆ ప్రాంతపు చరిత్ర కొంత మేలైనది. సమీపమందలి బ్రిగౌసు గ్రామమున 1819లో నొక తోటమాలికి సూసాను అను కూతురు పుట్టెను. ఆమె గొంతులోని గుణమును కనిపెట్టి మొదట శిక్షణ యిచ్చినవాడు లూకు సెటిలు అను కమ్మరి. పందొమ్మిదవయేట నొక మాంసవర్తకుని పెండ్లాడి, సండర్లెండమ్మగా పేరొంది, యార్కుషైరు గానసభలలోనే కాక లండనులోను పాడి, 'యార్కుషైరు గానరాణి' యని జనులచే పిలువబడెను. 1864లో హడర్సుఫీల్డునందే వీడ్కోలు గానముచేసి విరమించెను. ఆమె పేర 1889లో ఆ ఊర మొదలైన సంగీతపు పోటీలు నేటికిని జరుగుచున్నవి. సంసారియైన స్త్రీ పదిమందిలో పాడినందున ఆమె గౌరవమునకు లోటు రాలేదు.

మన యొద్ద ఇట్లు జరుగలేదు. భోగముమేళములను మాన్పింపబూనిన సంస్కర్తల ఉద్యమము చేసిన మేలు మేలే. కాని సభలో పాడు స్త్రీ యనిననే సందేహింపదగినదను భావము దానివలన తగ్గలేదు, కొంత బిగిసినది కూడ. తెలుగు కీర్తనలు రచించిన త్యాగయ్యగారి సమాధియొద్ద, తిరువయ్యారులో, స్త్రీలు పాడరాదను కట్టడి యుండెను. ఆ సమాధికి 1925లో గుడి కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మయే, ఆమెయు స్త్రీయే! ఆమె 1927 ప్రాంతమున స్త్రీలచేత వేరుగా ఆరాధన చేయించి, 1940 ప్రాంతమున పక్షములన్నియు నేకమగువరకు విడిచిపెట్టలేదు. ఇప్పుడచట పంచరత్నములను స్త్రీపురుషులు నొకే గోష్ఠిగా పాడుచున్నారు.

హడర్సుఫీల్డు సంఘపు తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1881లో ఊరివారు విశాలమైన పురమందిరము కట్టుకొనిరి. సంఘపు గానసభలు అచటికి మారినవి. 1901 నుండి 1932 వరకు హెన్రీ కవర్డు నాయకత్వము వహించెను. అతడు బాల్యమున షెఫీల్డులో కత్తులపనివాని యొద్ద పని నేర్చుకొని, సంగీతము చాలవరకు స్వయముగా సాధించినవాడు. కర్వెను పద్ధతియే అతనికి మెట్టు. అతని పిదప 1967 వరకు మాల్కము సార్జెంటు. కీర్తి పెరిగెను, గ్రామఫోను పలకలు వెలువడెను. ప్రఖ్యాతి కథలన్నియు నొక్కతీరున నుండును గనుక వానిని విడిచెదను.

1936 నాటి శతవార్షికోత్సవమును మాత్రము విడువజాలను. ఆ సందర్భమునకై రాల్ఫు వాను విలియమ్సు ఒక కృతి రచించెను; అక్టోబరు 2వ తేదీని దానిని పాడిరి. పేరు లాటినుభాషలో, 'మాకు శాంతి నిమ్ము' అని యర్థము. అందలి మాటలు కొన్ని బైబిలునుండియు, కొన్ని అమెరికాకవి వాల్టు విట్మను పద్యములనుండియు, కొన్ని క్రిమియా యుద్ధమును నిరసించుచు జాను బ్రైటు 1855లో పార్లమెంటున చేసిన ప్రసంగమునుండియు గ్రహింపబడినవి. స్వరకర్త సంశయవాది. ఓవెనుమతస్థుల నీడ పడరాదనిన సంఘము, తొంబదినాలుగేండ్లకు, ఏ ప్రార్థనాలయమునకును చెందని కవి మాటలను బైబిలు వాక్యముల పక్కన నిలిపి నోరార పాడెను. మూడేండ్లకు మహాయుద్ధము వచ్చెను. పాట దానిని ఆపలేదు; ఆపునని పాడినవారును అనుకొని యుండరు.

సంఘము నేటికిని కలదు. ఏటేట క్రిస్మసునకు పురమందిరమున 'మెస్సయ్య' పాడుట ఆ ఊరి ఆనవాయితీ. 2020లో మహమ్మారి వ్యాపించినపుడు ఊపిరియే భయహేతువై, ఇంగ్లండులోని ఔత్సాహిక గాయకులు ఒక గదిలో కూడి పాడుట చాలకాలము నిలిచిపోయెను. ఎవరి యింట వారు కూర్చుండి, యంత్రముల యెదుట తమ వరుస తాము పాడుకొనిరి. పొరుగువాని గొంతు ప్రక్కన వినబడక తమ వరుస నిలువలేదని వారిలో పలువురు చెప్పిరి. ఆంక్షలు సడలినంతనే బల్లలు దూరదూరముగా వేసికొని, కిటికీలు తెరచి, చలిలోనే మరల సాధన మొదలుపెట్టిరి.