రంధ్రపు అంచున రాతిభారము

హైదరాబాదులోని మాదాపూరున 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. ఆ ప్రాంతపు నేలక్రింది గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరములు. అక్కడ బోరుబావి వేయువారు పైనున్న మెత్తని పొరవరకే కేసింగు గొట్టము దింపుదురు. దాని క్రింద వందల అడుగుల రంధ్రము ఏ ఆధారమును లేకయే నిలుచును. ఎందువలన?

రంధ్రముగల శిల దళసరి గొట్టము వంటిది. దానిని వెలుపలినుండి అదిమినపుడు ప్రతిబలము గోడయంతటను సమానముగా నుండదు; లోపలి అంచున హెచ్చు. ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లామే, క్లాపెరోన్‌లు 1833లో ఈ లెక్కను ప్రకటించిరి. గోడ మిక్కిలి దళసరియైనచో అంచున ప్రతిబలము వెలుపలి పీడనమునకు రెట్టింపగును. ఒత్తిడి ఒకే దిశనుండి వచ్చినచో మూడు రెట్లగునని 1898లో జర్మను ఇంజనీరు కిర్ష్ చూపెను.

300 మీటర్ల లోతున చదరపు సెంటీమీటరుపై రాతిభారము దాదాపు 80 కిలోగ్రాములు. ప్రక్కలనుండియు అంతే ఒత్తిడి యున్నదనుకొన్నచో రంధ్రపు అంచున 160. మంచి గ్రానైటు వేయికి పైగా ఓర్చును; కనుక బోరుబావికి భయము లేదు.

కోలారు బంగారు గనుల సంగతి వేరు. తెలుగు, తమిళ కార్మికులు అక్కడ 3 కిలోమీటర్లకు పైబడిన లోతున పనిచేసిరి. ఆ లోతున ఇదే లెక్క 1,600కు తగ్గదు. శిల హఠాత్తుగా ప్రేలి, రాళ్లు సొరంగములలోనికి ఎగిరిపడెడివి. ఎందరో ప్రాణములు కోల్పోయిరి. ఆ గనులు 2001లో మూతబడినవి.

అయితే ప్రయోగశాలలో రాయి సిద్ధాంతమును మించి మొండిదని తేలినది. 1912లో కెనడా శాస్త్రజ్ఞుడు ఆడమ్స్ గ్రానైటు స్తంభములకు సన్నని రంధ్రములు తొలిచి, వేడిచేసి అదిమెను. 11 మైళ్ల లోతునకు సరిపడు పీడనమునకును అవి పూడలేదు. పగుళ్లుగల విశాలమైన గనికి ఈ ధైర్యము చెల్లదు. 1918లో అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు బ్రిడ్జ్‌మన్ రాళ్లలోని, స్ఫటికములలోని రంధ్రములను పగులువరకు అదిమి చూచెను. లోగోడనుండి పెళ్లలు ఊడిపడెను. ఈయనకే 1946లో నోబెల్ బహుమతి లభించినది.

ఈ పెళ్లలూడుట హానియే కాదు, ఆనవాలు కూడ. లోతైన బావిగోడ ఏ వైపున రాలునో, దానికి లంబముగా భూమిలోని గరిష్ఠమైన అడ్డు ఒత్తిడి యుండును. హైదరాబాదులో 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఇట్టి ఆనవాళ్లను, నీటిపీడనముతో రంధ్రములను చీల్చి కొలిచిన విలువలను జోడించి, 1992లో భారత ఉపఖండపు ప్రతిబల పటమును ప్రచురించిరి. దేశ మధ్యభాగమున అధికభాగము ఆ ఒత్తిడి ఈశాన్యమువైపు సాగుచున్నది. భారత ఫలకము హిమాలయములను నెట్టుచున్న దిక్కు దాదాపు అదియే.