కొండమింద రూము

చిత్తూరు, తిరుపతి వైపు ఎవరైనా తిరుమలకు పోయొస్తే ఇరుగుపొరుగు రెండే అడుగుతారు: దర్శనం ఎంతసేపు పట్టింది, కొండమింద రూము దొరికిందా? మొదటి ప్రశ్న ఎప్పటిదో చెప్పలేం. రెండోది మాత్రం కొత్తది, ఘాట్ రోడ్డు తర్వాత పుట్టింది.

అంతకుముందు కొండమీద యాత్రికుడికి గది అనే ఆశే లేదు. పదిహేనో శతాబ్దంలో విజయనగర పాలకుడు సాళువ నరసింహుడు తిరుమలలోనూ తిరుపతిలోనూ రామానుజ కూటాలు పెట్టించి, వాటి నిర్వహణ కందాడై రామానుజయ్యంగారికి అప్పగించాడని శాసనాలు చెబుతున్నాయి. అక్కడ యాత్రికులకు అన్నం పెట్టేవారు. పడక ఏ మండపంలోనో, చెట్టుకిందో. అలిపిరి మెట్లదారిలో ఇప్పటికీ నిలిచిన రాతి మండపాలను ఆనాటి లాడ్జీలనుకోవచ్చు. 1843 నుంచి 1933 దాకా ఆలయం హథీరాంజీ మఠం మహంతుల చేతిలో ఉంది. మఠాలు, మైసూరు వంటి సంస్థానాల సత్రాలు తమ తమ వాళ్లకు నీడనిచ్చాయి. 1891లో మీటర్ గేజి రైలు తిరుపతికి రావడంతో జనం పెరిగినా, వసతి పెరిగింది కొండకింద, స్టేషన్ చుట్టూనే. దేవస్థానం తరువాతి కాలంలో స్టేషన్ వెనక కట్టిన గోవిందరాజస్వామి సత్రాల్లో చాప పరుచుకుని తెల్లవారుజామున కొండకు కదిలిన తరాలు ఇంకా మన ఇళ్లల్లో ఉన్నాయి.

1933లో తిరుమల తిరుపతి దేవస్థానాలు ఏర్పడ్డాయి. 1944 ఏప్రిల్ 10న మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ మొదటి ఘాట్ రోడ్డును ప్రారంభించాడు. దాని రూపకల్పనలో మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేయి ఉందంటారు. డోలీలో మోయించుకోవలసిన ముసలివాళ్లు, చంటిబిడ్డల తల్లులు బస్సెక్కారు. వాళ్లకు రాత్రి తలదాచుకోవడానికి గోడలు కావాలి. తర్వాతి దశాబ్దాల్లో, ముఖ్యంగా దేవస్థానం కార్యనిర్వహణాధికారి (ఈవో) సి. అన్నారావు హయాంలో, కొండమీద కాటేజీల కట్టడం ఊపందుకుంది. దాత డబ్బిస్తాడు, దేవస్థానం కట్టిస్తుంది. ఏడాదిలో కొన్ని రోజులు దాతకు, తక్కిన రోజులు యాత్రికులకు. సొంత ఖజానా మీద భారం తగ్గించుకుని గదులు పెంచుకునే ఈ పద్ధతిలో వ్యాపారమూ ఉంది, పుణ్యమూ ఉంది. చాలా కట్టడాల గోడలమీద దాతల పేర్లు కనిపించేది అందుకే.

గదులు కట్టడం ఒక ఎత్తు, వాటి కుళాయిల్లో నీళ్లు రావడం ఇంకో ఎత్తు. కొండమీద నది లేదు. గోగర్భం, పాపవినాశనం, కుమారధార, పసుపుధార డ్యాములు నిండితేనే తిరుమలకు ధైర్యం. పాపవినాశనం, ఆకాశగంగ చూడటానికి పోయే యాత్రికుడు తన గదిలో నీళ్లకు మూలం కూడా ఆ దారిలోనే ఉందని అంతగా పట్టించుకోడు. 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కే బండికి ఒక దారి, దిగే బండికి ఒక దారి అయ్యాయి, రద్దీ మరింత పెరిగింది. 1978-82 మధ్య ఈవోగా పనిచేసిన పి.వి.ఆర్.కె. ప్రసాద్ కాలంలో మాస్టర్ ప్లాన్ కింద గుడి చుట్టూ ఉన్న ఇళ్లు, కొట్లు తీయించి మాడవీధులు వెడల్పు చేశారు. ఊరు పోయి క్షేత్రం మిగిలింది. దాని మంచిచెడులు వేరే కథ.

ఇప్పుడు కొండమీద ఉన్నవి సుమారు ఏడు వేల గదులు. రోజూ వచ్చేది అరవై, డెబ్బై వేల మంది. గదులు కేటాయించే సీఆర్వో ఆఫీసు దగ్గర సామాన్లమీద కూర్చుని ఫోన్‌కు మెసేజ్ ఎప్పుడొస్తుందా అని చూసే కుటుంబాలే ఆ లెక్కకు సాక్ష్యం. 2023 నుంచి గది ఇచ్చేటప్పుడూ డిపాజిట్ వెనక్కిచ్చేటప్పుడూ ముఖం గుర్తించే యంత్రం వాడుతున్నారు. ఒకరి పేరుమీద తీసుకుని ఇంకొకరికి అమ్ముకునే దళారుల ఆట కట్టించడానికని చెప్పారు. అదే ఏడాది నారాయణగిరి అతిథి గృహాల అద్దె ఒక్కసారిగా పెంచితే గొడవైంది. 50, 100 రూపాయల మామూలు గదుల అద్దె మాత్రం కదల్లేదు. ఒంటరిగా వచ్చినవాడికి సాధారణంగా గది ఇవ్వరు. అతనికి యాత్రికుల వసతి సముదాయం హాలే గతి: లాకర్లో బ్యాగు, అద్దె దుప్పటి, పక్కన గుండుకు గంధం పూసుకుని గుర్రుపెడుతున్న పెద్దాయన.

మన టూర్ ప్యాకేజీల వాళ్లు మలేషియా తీసుకుపోయినప్పుడు తప్పకుండా చూపించే జెంటింగ్ హైలాండ్స్‌తో దీన్ని పోల్చాలనిపిస్తుంది. అదీ కొండే. లిమ్ గో టోంగ్ 1965లో మొదలుపెట్టి, అడవిలో రోడ్డు వేసుకుని, 1971లో హోటల్ తెరిచాడు. మలేషియాలో చట్టబద్ధమైన కాసినో అక్కడే ఉంది. అక్కడి ఫస్ట్ వరల్డ్ హోటల్‌కు 7,351 గదులతో గిన్నిస్ రికార్డు దక్కింది. తిరుమల గదుల లెక్క కూడా ఆ చుట్టుపక్కలే. పోలిక అక్కడితో సరి. జెంటింగ్‌లో జూదం, రోప్‌వే, థీమ్ పార్కు, అన్నీ వచ్చినవాణ్ణి ఇంకో రాత్రి ఉంచుకోవడానికే. తిరుమలలో గది ఒక రోజుకే, ఆ గడువు దాటితే మరొకరికి. ఇక్కడి కార్యనిర్వాహకుల తలనొప్పి జనాన్ని రప్పించడం ఎన్నడూ కాలేదు, దర్శనం చేయించి క్షేమంగా దింపడమే.

ఈ తేడాను మరిచిపోయినప్పుడల్లా తిరుపతిలో గొడవ లేస్తుంది. అలిపిరి దగ్గర ముంతాజ్ పేరుతో విలాస హోటల్ కడతారన్నప్పుడు ఆందోళనలు జరిగాయి. 2025 మార్చిలో తిరుమలకు వచ్చిన ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఆ అనుమతి రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. విలాసం తప్పని కాదు, తిరుపతి ఊళ్లో స్టార్ హోటళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. కొండపాదం దగ్గర వద్దన్నారంతే. అదే ఏడాది సెప్టెంబరులో కొండమీద వెంకటాద్రి నిలయం తెరిచారు. నాలుగు వేల మందికి చోటు, లాకర్లు, వేడినీళ్లు, కల్యాణకట్ట, భోజనశాల ఉన్నాయి. ముందుగా బుక్ చేసుకోకుండా వచ్చినవాళ్ల కోసమే అది. రాబోయే రోజుల్లో కొండమీద పెరగబోయేవి గదులు కావు, ఇలాంటి హాళ్లే అని నా అంచనా.