ఆముదం ఇంట్లోంచి ఉసిరి వేరుపడిన కథ

ఆముదం, జెముడు, కర్రపెండలం, రబ్బరు, ఉసిరి చాలాకాలం ఒకే వృక్ష కుటుంబం. 2003 నాటి వర్గీకరణ ఉసిరిని వేరే కుటుంబంగా విడదీసింది. ఇదంతా డీఎన్ఏ తెచ్చిన తంటా అనుకోవడం తేలికే గాని, చీలిక గీత పాతదే. ఆముదపు కాయ ఒలిస్తే మూడు గదులు, గదికి ఒకే గింజ. ఉసిరికి దగ్గరి చుట్టమైన నేల ఉసిరి కాయలోనూ మూడు గదులే, కాని గదికి రెండేసి గింజలు. వృక్షశాస్త్రవేత్త ఆడ్రియన్ ద జుస్యూ 1824లోనే ఈ లెక్కను పట్టించుకున్నాడు. 1975లో మరో వృక్షశాస్త్రవేత్త వెబ్‌స్టర్ ఈ పెద్ద కుటుంబాన్ని చేసిన అయిదు ఉపకుటుంబాల్లో రెండింటికి గదికి జంట అండాలు (గింజలయ్యేవి ఇవే), మూడింటికి ఒంటి అండాలు.

పాలు కారడమే ఆముదం కుటుంబానికి గుర్తు కదా అంటారా? ఆముదానికీ తెల్లపాలు రావు. పైరూపాన్ని నమ్మి లిన్నేయస్ అంతటివాడే 1753లో జెముడు పూలగుత్తిని ఒకే పువ్వుగా లెక్కించి, ఆముదానికి దూరంగా మరో తరగతిలో పెట్టాడు. జెముడు గుత్తిలో ఒక్కో కేసరం కాడ మీద చిన్న అతుకు ఉంటుంది. దాన్ని చూపించి 1814లో రాబర్ట్ బ్రౌన్, అక్కడున్నది కేసరం కాదు, ఒక పూర్తి మగపువ్వు అని వాదించాడు.

అయితే గింజల లెక్క ఒక్కటే చాలదన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆముదం కుటుంబంలోనే ఉండిన పెరా జాతికి గదికి ఒకే అండం, అయినా దాన్నీ విడదీశారు. 2007లో డీఎన్ఏ ఆధారాలు రఫ్లీషియాను, అంటే ఆకు, కాండం లేని ఆ పెద్దపువ్వు పరాన్నజీవిని, ఆముదం కుటుంబం నడుమకే, పెరాకూ మిగతావాటికీ మధ్యకు తెచ్చాయి. అందుకే పెరాను ఉంచుకుంటే రఫ్లీషియానూ కలుపుకోవాలి.