మంద కాచిన కుక్క

తిరువణ్ణామలై జిల్లాలో ఎడుత్తనూరు అని ఒక పల్లె ఉంది. 1989లో జిల్లాను రెండుగా విడగొట్టేదాకా అది మన ఉత్తర ఆర్కాడు జిల్లాలోనిదే. అక్కడి వీరగల్లు ఒకటి మహేంద్రవర్మ పల్లవుని కాలానిది, అంటే క్రీ.శ. 7వ శతాబ్దం. తన ఎనుముల కోసం పోరాడి పడిపోయిన ఒక వీరుడికి నిలిపిన రాయి అది. ఆ రాతి మీద వీరుడితో పాటు ఒక కుక్క కూడా ఉంది. ఉత్తి బొమ్మ కాదు, దానికి పేరుంది: కోవివన్. ఇద్దరు దొంగలను కరిచి కావలి నిలిచిందని వట్టెళుత్తు లిపిలో విడిగా చెక్కించారు. చెంగం ప్రాంతపు వీరగల్లులను తమిళనాడు పురావస్తు శాఖ 1970లలో వెతికి, చదివి, అచ్చు వేయించింది కాబట్టి ఈ సంగతి మనకు తెలిసింది.

రాజుల పేర్లూ, దానాల వివరాలూ చెక్కిన రాళ్ళకు దక్షిణ దేశంలో కొదవ లేదు. కుక్క పేరు చెక్కిన రాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవలసిందే. కన్నడ దేశపు ఆతకూరు శాసనం వాటిలో ప్రసిద్ధమైనది. మన అరక్కోణం పక్కనున్న తక్కోలం దగ్గర క్రీ.శ. 949లో రాష్ట్రకూటులకూ చోళులకూ పెద్ద యుద్ధం జరిగింది. ఆ పోరులో మెప్పించిన మణలేరుడనే యోధుణ్ణి మూడవ కృష్ణుడు ఏం కావాలో కోరుకోమన్నాడట. అతడు ఊళ్ళూ మాన్యాలూ అడగలేదు, కాళి అనే జాగిలాన్ని అడిగాడు. ఆ జాగిలం ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చింది. రాయి నిలిపించారు, పూజకు ఏర్పాటు చేశారు. ఆ రాయి ఇప్పుడు బెంగళూరు మ్యూజియంలో ఉంది.

కాళి రాజుగారి వేటకుక్క. కోవివన్ పశువుల కుక్క. బ్యాంకు లెక్కల్లో ముప్పయ్యేళ్ళు గడిపిన నాకు ఈ రెండో పద్దే పెద్దదనిపిస్తుంది.

పశువుల కుక్క మీదికి నా దృష్టి పోవడానికి కారణం చరిత్ర పుస్తకాలు కావు, గొర్రెల లోన్లు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు గుడియాత్తం వైపు పని పడింది. ఆ రోజుల్లో ఐ.ఆర్.డి.పి. పథకం నడుస్తూ ఉండేది. 1999లో దాన్ని ఇంకో పథకంలో కలిపేశారు. 20 గొర్రెలకు 1 పొట్టేలు, అది ఒక యూనిట్. జీవాలను కళ్ళారా చూసి, చెవికి బిళ్ళ వేయించి, ఇన్సూరెన్సు కట్టించి రావాలి. జీవం చస్తే బిళ్ళ తెచ్చి చూపిస్తేనే క్లెయిము. కౌండిన్య నది ఎగువన, ఆంధ్ర సరిహద్దు కొండల దిగువ పల్లెల్లో తెలుగు మాట్లాడే కాపర్లు నాకు బాగా పరిచయమయ్యారు. ఒక పెద్దాయన, నేను జీవాలను లెక్కపెట్టి పుస్తకం మూయబోతుంటే, తడిక పక్కన పడుకున్న కుక్కను చూపించి అడిగాడు:

"దీన్ని రాసుకోరా సార్? రేత్రిపూట మీ లోనును కాసేది ఇదే గదా!"

ఫారంలో దానికి గడి లేదు. నవ్వేసి వచ్చాను. కానీ ఆ మాట మనసులో ఉండిపోయి, తర్వాత ఏ మందకు పోయినా కుక్కను కూడా పరిశీలనగా చూడడం అలవాటైంది.

కావలి కుక్క ఆకారం ఇలా ఉంటుంది. మధ్యరకం ఎత్తు, మనిషి మోకాలు దాటుతుంది, నడుముకు రాదు. పొట్టి వెంట్రుకలు దగ్గరగా పరచుకొని ఉంటాయి, ఎండకూ వానకూ అవే చాలు. రంగు ఎక్కువగా గోధుమ, ఎరుపు కలిసిన మట్టి వన్నె. నల్లవీ, తెల్లమచ్చలవీ లేకపోలేదు. తల ముందుకు సన్నబడుతూ పోతుంది. చెవులు నిక్కబొడుచుకొని ఏ వైపు చప్పుడైతే ఆ వైపు తిరుగుతాయి. తోక వీపు మీదికి చుట్టుకుంటుంది. ఛాతీ లోతు, పొట్ట లోపలికి, పాదాలు గట్టి. సాధారణంగా ఏటికి ఒక్క ఈతే.

మన ఊరకుక్క పోలికే కదా అంటారు. నిజమే, జాతి అదే. తేడా పెంపకంలో ఉంది. కళ్ళు తెరిచిన నాటి నుంచి గొర్రెపిల్లల మధ్య పెరిగిన కుక్కకు మందే తన కుటుంబం. విదేశీ సినిమాల్లో గొర్రెలను తరిమి మళ్ళించే కుక్కలు కనబడతాయి. మన దగ్గర ఆ పని కాపరి పిలుపు చేస్తుంది. కుక్క పని కావలి. కోతలయ్యాక ఎరువు కోసం పొలంలో మంద పెట్టినప్పుడు, కాపరి కంబళి కప్పుకుని ఒరిగితే, నక్కకూ చిరుతకూ దొంగకూ అడ్డం నిలిచేది అదే. ఎడుత్తనూరు రాతి మీద చెప్పినదీ ఈ పనే.

మరి పేరున్న కుక్క ఏది? తమిళనాట కుక్కల మాటెత్తితే మొదట వచ్చేది రాజపాళయం. ఆ ఊరి రాజులు తెలుగువాళ్ళు, విజయనగర కాలంలో దక్షిణానికి తరలివచ్చిన వాళ్ళమని చెప్పుకుంటారు. 1949 నుంచి 1952 వరకు మద్రాసు ప్రభుత్వానికి నాయకత్వం వహించిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఆ ఊరివారే. మనలాగే తమిళనాట స్థిరపడిన తెలుగువాళ్ళ ఊరి పేరు ఒక కుక్క ద్వారా దేశమంతా తెలిసిందంటే నాకు కొంచెం గర్వంగానే ఉంటుంది. పాలతెలుపు ఒళ్ళు, గులాబి ముక్కు, పొడుగు కాళ్ళు, రెండడుగులు దాటిన ఎత్తు. పందుల వేటకూ, ఇంటి కావలికీ పేరుపొందింది. 2005లో తపాలా శాఖ దాని మీద స్టాంపు వేసింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ చిప్పిపారై, ముధోల్ కుక్కలతో పాటు దాన్నీ తన జాబితాలో చేర్చుకుంది. ఆ తర్వాత హిమాచల్ కాపర్ల గద్దీ కుక్క కూడా ఆ జాబితాకెక్కింది, సంతోషం.

అయితే ఆ తెలుపుకు ఖరీదు చెల్లించవలసి వచ్చింది. మచ్చలేని తెలుపు కోసం తెల్లదాన్ని తెల్లదానితోనే, అదీ దగ్గర సంబంధాల్లోనే కలుపుతూ పోయేసరికి పుట్టుచెవుడు పిల్లలు రావడం మొదలైంది. బంగళా గేటు దగ్గర చెవిటి కుక్క ఎలాగో నెట్టుకురావచ్చు. అడవి అంచున, చీకట్లో, ఆకు కదిలిన చప్పుడు వినలేని కుక్కను కాపరి ఒక్క వారం కూడా ఉంచుకోడు. మందకుక్కకు రంగు ఎవరూ ఎంచలేదు; చెవి, గొంతు, ఓపిక ఎంచారు. మట్టి వన్నె అలా మిగిలిందే.

జాగిలమని వేటకుక్కకు మనకు ప్రత్యేకమైన మాట ఉంది. దీనికి మాత్రం మందకుక్క అని పని చెప్పి పిలవడమే. 2019 పశుగణనలో కుక్కలను ఇళ్ళలో ఉన్నవీ వీధిలో ఉన్నవీ అని రెండు పద్దుల్లో రాశారు. తడిక పక్కన పడుకునేదాన్ని ఏ పద్దులో వేశారో! ఈ మధ్య గుడియాత్తం వైపు పోయినప్పుడు చూశాను. పొలంలో మంద పెట్టించుకునే రైతులు నా ఉద్యోగపు తొలినాళ్ళలో కన్నా చాలా తక్కువ. మేత బీళ్ళు కొన్ని ఇళ్ళ స్థలాలయ్యాయి. జీవాలు అమ్మేసిన ఒక కాపరి ఇంటి ముందు, నిక్కిన చెవులతో, పసుపు కలిసిన మట్టి రంగు కుక్క ఒకటి పడుకుని ఉంది. దాని పేరేమిటని అడిగాను.

"పేరేముంది సార్, కుక్కే" అన్నాడు.