కిరణచికిత్స – ఊపిరితిత్తుల శోథ

నిప్పు లేనిదే వంట లేదు. ఆ నిప్పే పొయ్యి దాటితే ఇల్లు అంటుకొంటుంది. వైద్యుని చేతిలోని కిరణాల సంగతీ ఇంతే. ఊపిరితిత్తులలో పుట్టిన రాచపుండును, అనగా కాన్సరును, నశింపజేయటానికి ప్రసరింపజేసే కిరణాలు దాని చుట్టూ ఉన్న ఆరోగ్యకరమైన భాగం గుండా కూడా పోక తప్పదు. చికిత్స ముగిసి రోగి ఇల్లు చేరిన తరువాత, సాధారణంగా ఒక నెల మొదలు ఆరు నెలల లోపల, కొందరిలో పొడిదగ్గు, ఆయాసం, కొద్దిపాటి జ్వరం కనిపిస్తాయి. దీనిని వైద్యులు రేడియేషన్ న్యుమోనైటిస్ అంటారు. కిరణాల వల్ల కలిగే ఊపిరితిత్తుల శోథ అని మనం చెప్పుకోవచ్చు. చాలామందిలో ఇది మందులకు లొంగుతుంది. కొద్దిమందిలో ప్రాణం మీదికి వస్తుంది.

ఒకే రోగానికి ఒకే తీరున చికిత్స పొందిన ఇద్దరిలో ఒకరికి ఈ శోథ కలిగి, మరొకరికి కలగకపోవటానికి కారణమేమి? ఎవరికి రాగలదో ముందుగా చెప్పటం సాధ్యమా? ఈ ప్రశ్నకు సమాధానం కోసం వైద్యశాస్త్రం సుమారు నూరేళ్లుగా సాగిస్తున్న అన్వేషణే ఈ ప్రసంగ విషయం.

1895 నవంబరు 8వ తేదీన జర్మనీలోని వుర్జ్‌బర్గ్ నగరంలో రాంట్‌జెన్ పండితుడు ఎక్స్-కిరణాలను కనిపెట్టాడు. ఆ మరుసటి ఏడే వాటిని చికిత్సకు వినియోగించే ప్రయత్నాలు ఆరంభమైనవి. తొలినాటి యంత్రాల నుండి వెలువడే కిరణాలకు శరీరంలో లోతుగా చొచ్చుకొనిపోయే శక్తి తక్కువ. దెబ్బ మొదట చర్మానికే తగిలేది. మోతాదును కొలిచే సరియైన సాధనాలు లేని ఆ రోజులలో చర్మం ఎర్రబడటమే కొలతగా వాడేవారు. చర్మం కందితే వైద్యుడు చేయి వెనుకకు తీసుకొనేవాడు. ఆ విధంగా లోపలి అవయవాలకు చర్మమే కాపలాదారుగా ఉండేది.

1920 ప్రాంతంలో అధిక వోల్టేజితో పనిచేసే యంత్రాలు వచ్చినవి. కిరణాల దారిలో రాగిరేకును అడ్డముంచి, పైపైనే ఆగిపోయే బలహీన కిరణాలను వడగట్టి, లోతుకు పోగలిగిన వాటినే రోగిపైకి పంపటం అలవాటైనది. చికిత్సకు బలం చేకూరినది. దానితోపాటే కొత్త ప్రమాదమూ వచ్చినది. 1922లో అమెరికాలో గ్రూవర్, క్రిస్టీ, మెరిట్ అనే ముగ్గురు వైద్యులు, రాగిరేకు వడపోతతో చేసిన చికిత్సలను వివరిస్తూ, ఊపిరితిత్తులలో కనిపించిన మార్పులను ప్రకటించారు. 1925లో ఈవాన్స్, లియుకుటియా అనే వైద్యులు ఈ మార్పులు రెండు విధాలని విడదీసి చూపారు. మొదటిది కొన్ని వారాలకో నెలలకో వచ్చే శోథ. రెండవది ఆ తరువాత ఊపిరితిత్తి మచ్చకట్టి బిగుసుకొనిపోవటం.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కాలిన చేయి వెంటనే మండుతుంది గాని, కిరణాలు తగిలిన ఊపిరితిత్తి నెలల తరబడి మౌనంగా ఉంటుంది. తీరా దగ్గు మొదలైతే అది క్షయయో, మామూలు న్యుమోనియాయో, లేక కాన్సరే తిరగబెట్టినదో తేల్చటం కష్టమయ్యేది. ఈ చిక్కు విడదీయటానికి ఎక్స్-రే చిత్రంలోని ఒక లక్షణం తోడ్పడినది. సూక్ష్మజీవుల వల్ల కలిగే జబ్బు ఊపిరితిత్తి విభాగాల సహజమైన హద్దులను అనుసరిస్తుంది. కిరణాల వల్ల కలిగిన నీడ తరచుగా గీత గీసినట్లు నిటారైన అంచుతో ఉంటుంది. కిరణాలు పోయిన దారే ఆ అంచు. 1940లో షీల్డ్స్ వారెన్, ఆలివ్ గేట్స్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞులు ఈ శోథలో ఊపిరితిత్తుల కణజాలానికి ఏమవుతున్నదో పరిశీలించి ప్రకటించారు. వాయుకోశాల గోడలు, వాటిని అల్లుకొన్న సన్నని రక్తనాళాలు దెబ్బ తింటాయి. నాళాల నుండి ద్రవం ఊరుతుంది. గాలి ఆడవలసిన చోట వాపు చేరుతుంది.

1951లో కెనడా దేశంలో కోబాల్టు-60 యంత్రాలతో చికిత్స ఆరంభమైనది. ఈ కిరణాల ప్రభావం చర్మం మీద గాక దానికి కొంత లోపల హెచ్చుగా ఉంటుంది. రోగులకు చర్మం మాడే బాధ తగ్గినది. ఇది గొప్ప మేలే. కాని పాత కాపలాదారు ఇప్పుడు నోరు మెదపడు. చర్మం చల్లగా ఉన్నంత మాత్రాన ఊపిరితిత్తి క్షేమమని చెప్పే వీలు పోయినది. ఇకమీదట హెచ్చరిక లెక్కల నుండి రావలసినదే.

ఆ లెక్కలకు కావలసిన పటం 1971 తరువాత లభించినది. ఇంగ్లండులో హౌన్స్‌ఫీల్డ్ రూపొందించిన సి.టి. స్కాన్ యంత్రం శరీరాన్ని అడ్డకోతలుగా, పొరపొరగా చూపినది. ఊపిరితిత్తిలో ఎన్నవ వంతుకు ఎంత మోతాదు అందుతున్నదో లెక్కకట్టే వీలు కలిగినది. ఈ మోతాదుకు కొలత ‘గ్రే’. ఒక కిలోగ్రాము పదార్థం ఒక జౌలు శక్తిని గ్రహిస్తే అది ఒక గ్రే. బ్రిటిష్ భౌతికశాస్త్రజ్ఞుడు గ్రే పేర ఈ కొలతను 1975లో స్వీకరించారు.

1991లో ఎమామీ, ఆయన సహచరులు ఒక పట్టిక ప్రకటించారు. అయిదేళ్లలో నూటికి అయిదుగురికి మించి హాని కలగకుండా ఉండాలంటే, ఊపిరితిత్తిలో మూడవ వంతు 45 గ్రేలు, మూడింట రెండు వంతులు 30 గ్రేలు, మొత్తం ఊపిరితిత్తి అయితే 17.5 గ్రేలు మాత్రమే భరించగలదని అందులో అంచనా వేశారు. ఆ అంకెలలో చాలా భాగం అనుభవజ్ఞులైన వైద్యుల అభిప్రాయాలపై ఆధారపడినవే. అయినా ఒక సత్యం స్పష్టమైనది. ఎంత మోతాదు అన్నది ఒక్కటే చాలదు. ఎంత భాగానికి అన్నది కూడా చూడాలి.

ఆ తరువాత అభిప్రాయాల స్థానంలో రోగుల అనుభవమే లెక్కకు వచ్చినది. 1999లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో గ్రాహం బృందం 99 మంది రోగుల వివరాలను పరిశీలించినది. రెండు ఊపిరితిత్తులను ఒకే అవయవంగా భావించి, అందులో 20 గ్రేలకు మించిన మోతాదు నూటికి ఎంత భాగానికి అందినదో లెక్కించినది. ఆ భాగం 22కు తక్కువగా ఉన్నవారిలో చెప్పుకోదగిన శోథ ఎవరికీ రాలేదు. 22 నుండి 31 వరకు ఉన్నవారిలో నూటికి 7 మందికి, 32 నుండి 40 వరకు ఉన్నవారిలో 13 మందికి, 40 దాటినవారిలో 36 మందికి వచ్చినది. 2010లో అనేకమంది నిపుణులు కలిసి ఇటువంటి అధ్యయనాలను సమీక్షించి, ఆ భాగం 30, 35కు మించకుండా చూస్తే ప్రమాదం నూటికి 20కి లోబడి ఉంటుందని సలహా ఇచ్చారు.

ఇంతటితో సమస్య తీరినదా? లేదు. మందులతో కలిపి కిరణచికిత్స పొందిన 836 మంది వివరాలను 2013లో ఒకచోట చేర్చి చూశారు. నూటికి సుమారు 30 మందికి బాధ కలిగించే శోథ వచ్చినది. నూటికి ఇద్దరు దాని వల్లనే మరణించారు. వయస్సు 65 దాటటం, కలిపి ఇచ్చిన మందుల రకం, కాన్సరు ఊపిరితిత్తి కింది భాగంలో ఉండటం వంటివి కూడా ప్రమాదాన్ని పెంచుతున్నట్లు తేలినది. అంతకు ముందే ఊపిరితిత్తులు మచ్చకట్టే జబ్బు ఉన్నవారి విషయంలో మరింత జాగ్రత్త అవసరమని వైద్యులు ఎరుగుదురు.

అయితే మోతాదు బాగా తగ్గిస్తే సరిపోదా అని శ్రోతలు అడగవచ్చు. తగ్గిస్తే కాన్సరు తిరిగి లేస్తుంది. పోనీ, పెంచితే కాన్సరు పూర్తిగా నశిస్తుందని ఒకప్పుడు ఆశించారు. 2015లో ప్రకటించిన ఒక పెద్ద పరీక్షలో 60 గ్రేలు పొందినవారు 74 గ్రేలు పొందినవారి కంటె ఎక్కువ కాలం జీవించారు. మధ్యస్థంగా చూస్తే మొదటివారు సుమారు 29 నెలలు, రెండవవారు 20 నెలలు. ఎక్కువ మందు ఎక్కువ మేలు కాదని ఇంత ఖరీదుగా తెలిసివచ్చినది. అదే పరీక్షలోని వివరాలను 2017లో మళ్లీ పరిశీలించగా, కిరణపుంజాన్ని కాన్సరు ఆకారానికి తగినట్లు మలచే కొత్త పద్ధతిలో తీవ్రమైన శోథ నూటికి 8 నుండి 3.5కు తగ్గినట్లు కనిపించినది.

2017 నుండి కిరణచికిత్స తరువాత శరీర రక్షణశక్తిని మేల్కొలిపే దుర్వాలుమాబ్ వంటి మందులు వాడుకలోకి వచ్చినవి. అవి ఆయుర్దాయం పెంచుతున్నవి; కాని వాటికవే ఊపిరితిత్తులలో శోథ కలిగించగలవు. అందువల్ల పాత లెక్కలను కొత్త మందులతో సరిచూడవలసి వస్తున్నది.

ఉగాదినాడు మనం పంచాంగశ్రవణం చేస్తాము. రాశిఫలం ఆ రాశివారందరికీ ఒక్కటే. జీవితం మాత్రం ఎవరిది వారిదే. ఈ శాస్త్రీయమైన అంకెలు రాశిఫలాల వంటివి కావు, నిజమైన రోగుల అనుభవం నుండి పుట్టినవి. అయినా అవీ నూరుమందిని గురించి చెప్పగలవు గాని, ఎదురుగా కూర్చున్న ఒక్కరిని గురించి ఖండితంగా చెప్పలేవు. నూటికి 7 అన్నప్పుడు, ఆ ఏడుగురిలో తానుంటానా అని రోగి అడిగితే వైద్యుని వద్ద జవాబు లేదు.

అట్లని ఈ అన్వేషణ వ్యర్థం కాదు. ముందుచూపు అంటే విధిని చదవటం కాదు, ఎక్కడ కాపలా పెట్టాలో తెలుసుకోవటం. చర్మం చేసిన కాపలాను కొంతవరకు అంకెలు చేస్తున్నవి. మిగిలినది రోగి, అతని ఇంటివారు చేయవలసినది. కిరణచికిత్స ముగిసిన తరువాత నెలలు గడిచినా సరే, పొడిదగ్గు, మెట్లెక్కితే మునుపు లేని ఆయాసం, జ్వరం కనిపిస్తే పడిశమని ఊరకుండరాదు. చికిత్స చేసిన వైద్యునికి వెంటనే తెలుపవలెను. వేరొక వైద్యుని వద్దకు పోతే ఫలానా నెలలో కిరణచికిత్స జరిగినదని మొదటి మాటగా చెప్పవలెను. శోథ అని తేలితే ఇచ్చే స్టెరాయిడ్ మందులను వారాల తరబడి క్రమక్రమంగా తగ్గించవలసి ఉంటుంది. దగ్గు తగ్గినదని తమంతట తాము హఠాత్తుగా మానివేస్తే జబ్బు తిరగబెట్టగలదు.

నూరేళ్ల లెక్కలు ప్రమాదం ఏ దిక్కున ఉన్నదో చూపగలిగినవి. అది వచ్చిన రోజును మొదట గుర్తించేది మాత్రం ఈనాటికీ రోగి పక్కన ఉండి అతని దగ్గును విన్నవారే.