అప్లికేషన్ వర్చువలైజేషన్: గోదావరి జిల్లాల కార్యాలయాల చరిత్ర

ఒక ప్రోగ్రామును కంప్యూటర్లో మామూలుగా ఇన్‌స్టాల్ చేయకుండానే నడిపే ఏర్పాటును అప్లికేషన్ వర్చువలైజేషన్ అంటారు. ప్రోగ్రాము ఫైళ్లు, విండోస్ రిజిస్ట్రీలో అది రాసుకునే సెట్టింగులు అన్నీ ఒకే ప్యాకేజీలో కట్టి ఉంటాయి. వాడేవాడు ఐకాన్ నొక్కగానే ప్యాకేజీ సర్వర్ నుంచి వచ్చి, పక్క ప్రోగ్రాముల జోలికి పోకుండా తన హద్దులో తాను నడుస్తుంది. ఈ ఏర్పాటును ఒక సంస్థలో అమర్చే ముందు తేల్చుకోవలసిన అసలు ప్రశ్న ఒక్కటే: ప్రోగ్రాము ఎక్కడ ఉండాలి? బల్ల మీది పీసీలోనా, ఆఫీసు గదిలోని సర్వర్లోనా, ఊరికి దూరంగా ఉన్న డేటా సెంటర్లోనా? గోదావరి జిల్లాల ప్రభుత్వ కార్యాలయాలు గత పాతికేళ్లలో ఈ మూడు జవాబులూ చూశాయి.

పుట్టుక

1989లో అమెరికాలో ఎడ్ యాకొబుచీ స్థాపించిన సిట్రిక్స్ కంపెనీ 1995లో విన్‌ఫ్రేమ్‌ను తెచ్చింది. అందులో ప్రోగ్రాము సర్వర్లోనే నడుస్తుంది, వాడేవాడి తెరకు బొమ్మ మాత్రం వస్తుంది. ప్రోగ్రామునే పీసీకి పంపి విడిగా నడిపే పద్ధతి 2000ల మొదట్లో బోస్టన్‌కు చెందిన సాఫ్ట్‌రిసిటీ కంపెనీ సాఫ్ట్‌గ్రిడ్‌తో పేరు తెచ్చుకుంది. 2006లో మైక్రోసాఫ్ట్ ఆ కంపెనీని కొని, ఉత్పత్తికి యాప్‌-వి అని పేరు మార్చింది. 2008లో వీఎంవేర్ థిన్‌స్టాల్‌ను కొని థిన్‌యాప్ చేసింది. వీటన్నిటి వెనకా ఉన్న బాధ ఒకటే. కొత్త ప్రోగ్రాము ఎక్కించగానే ప్రోగ్రాములు ఉమ్మడిగా వాడుకునే డీఎల్ఎల్ ఫైలు మీద అది తనది రాసేసేది, నిన్నటిదాకా పనిచేసిన ప్రోగ్రాము పొద్దున్నే మొరాయించేది.

కార్డ్: ఆఫీసుకో సర్వర్

ఆంధ్రప్రదేశ్‌లో ఒకే సాఫ్ట్‌వేర్‌ను వందల కార్యాలయాల్లో ఒకేసారి అమర్చిన తొలి పెద్ద ప్రయత్నాల్లో ఒకటి రిజిస్ట్రేషన్ శాఖది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం కింద దస్తావేజులను చేత్తో పుస్తకాల్లోకి ఎక్కించేవారు. పొలం కొనేవాడు ఈసీ (ఆ ఆస్తి మీది లావాదేవీల ధ్రువపత్రం) అడిగితే గుమాస్తా ఏళ్లకేళ్ల ఇండెక్సులు తిరగేయాలి. ఐఏఎస్ అధికారి జె. సత్యనారాయణ నేతృత్వంలో ఈ పనిని కంప్యూటర్లోకి మార్చడానికి 1996లో మొదలైన కార్డ్ ప్రాజెక్టు 1998 నవంబరు 4న అమల్లోకి వచ్చింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని 387 సబ్ రిజిస్ట్రార్ కార్యాలయాల్లో తొలి విడతగా 214 చోట్ల ప్రారంభించారు.

కార్డ్‌లో ప్రతి కార్యాలయానికీ తనదంటూ ఒక సర్వరు, దానికి తగిలించిన నాలుగైదు పీసీలు ఉండేవి. ఆనాటి టెలిఫోన్ లైన్లను తలుచుకుంటే ఇంతకంటే మంచి మార్గం లేదనే చెప్పాలి. ఏ ఊరి ఆఫీసు పని ఆ ఊళ్లోనే జరిగిపోతుంది, లైను తెగినా క్యూ ఆగదు. ఇందులో ఎక్కువ శ్రమ పాత రికార్డును ఎక్కించడంలో పడింది, సాఫ్ట్‌వేర్ రాయడం దాని ముందు చిన్న పని. 1983 జనవరి 1 నుంచి ఉన్న ఇండెక్సు వివరాలను కూర్చుని టైపు చేశారు. నేటికీ ఆన్‌లైన్ ఈసీ ఆ తేదీ నుంచే వస్తుంది. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ కార్యాలయానికి వెళ్లి పుస్తకాలు వెతికించుకోవాల్సిందే.

ఆఫీసుకో సర్వర్ అంటే ఆఫీసుకో ప్రోగ్రాము అని కూడా అర్థం. మార్కెట్ విలువలు సవరించినా, స్టాంప్ డ్యూటీ మారినా, ఆ మార్పు ప్రతి సర్వర్‌కూ విడివిడిగా చేరాలి. ఒకచోట చేరక మరోచోట చేరితే రెండు ఊళ్లలో రెండు లెక్కలు. పైగా కాగితం పోయినంత మాత్రాన మధ్యవర్తి పోలేదు. కార్డ్ గురించి ప్రచారంలో ఉన్న గొప్పలను 2004లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో పరిశోధకుడు జొనాథన్ కేస్లీ గట్టిగా ప్రశ్నించాడు. దస్తావేజు లేఖరి బల్ల ముందు నిలబడినవారికి ఆ విమర్శ కొత్తగా అనిపించి ఉండదు. తర్వాతి కాలంలో శాఖ సమాచారాన్నీ ప్రోగ్రామునూ ఒకేచోటికి తెచ్చింది, కార్యాలయాల్లో బ్రౌజరు మిగిలింది.

పశ్చిమ గోదావరి ఈ-సేవ

హైదరాబాదులో 2001 ఆగస్టులో ప్రభుత్వ సేవలను ఒకేచోట అందించే ఈ-సేవ కేంద్రాలు తెరుచుకున్నాయి. ఏడాది తిరిగేసరికి, సంజయ్ జాజు కలెక్టరుగా ఉన్నప్పుడు, పశ్చిమ గోదావరి జిల్లా అదే ఆలోచనను పల్లెలకు తెచ్చింది. అప్పటి జిల్లాలో 46 మండలాలు. మండల కేంద్రాల్లో పెట్టిన ఈ కేంద్రాలను నడిపింది డ్వాక్రా సంఘాల మహిళలు. అప్పటిదాకా మౌస్ పట్టుకోని చేతులు కరెంటు బిల్లులు కట్టించుకోవడం, దరఖాస్తులు పంపడం, ఫిర్యాదులు నమోదు చేయడం మొదలుపెట్టాయి.

కేంద్రంలో ఉన్నది మామూలు పీసీ, బ్రౌజరు, ప్రింటరు. ప్రోగ్రాము వెబ్‌లో ఉండడం వల్ల ఒక సేవ కొత్తగా చేర్చాలంటే సీడీ పట్టుకుని మండలం మండలం తిరిగే పని లేదు. యాప్‌-వి లాంటి ఉత్పత్తులు ఇచ్చే లాభాల్లో సగం ఇక్కడ ఏ ప్యాకేజీ లేకుండానే వచ్చేశాయి. గోదావరి జిల్లాల ప్రభుత్వ కార్యాలయాలు ఆ తర్వాత పట్టిన దారీ ఇదే. అందుకే ఇక్కడి చరిత్రలో అప్లికేషన్ వర్చువలైజేషన్‌ది రాజమార్గం కాదు, పక్కదారి. ఆ పక్కదారి అవసరం ఎక్కువగా తెలుగు టైపింగ్ దగ్గర, పాత ప్రోగ్రాముల దగ్గర పడింది.

ప్యాకేజీకి లొంగనివి

ప్యాకేజీ తయారుచేసే పనిముట్టును యాప్‌-విలో సీక్వెన్సర్ అంటారు. ఏమీ ఎక్కించని శుభ్రమైన విండోస్ మీద సీక్వెన్సర్‌ను నడిపి, దాని కళ్లెదుట ప్రోగ్రామును ఇన్‌స్టాల్ చేస్తారు. ఏ ఫైలు ఎక్కడ పడింది, రిజిస్ట్రీలో ఏ గీత మారింది అన్నది అది రాసుకుని మూట కడుతుంది. డివైస్ డ్రైవర్లు, యాంటీవైరస్ లాంటి వాటిని మాత్రం ఇలా కట్టలేం. అవి విండోస్ లోతుల్లోకి పోయి పనిచేస్తాయి.

రాజమండ్రిలోనో భీమవరంలోనో ఒక డీటీపీ సెంటరులో పెళ్లి శుభలేఖ తయారయ్యే తీరు చూస్తే చిక్కు తెలుస్తుంది. తెర మీద పేజ్‌మేకర్ తెరిచి ఉంటుంది. కింద టాస్క్‌బారులో అను స్క్రిప్ట్ కూర్చుని, మీటలు నొక్కుతుంటే వాటిని పట్టి తెలుగు ముక్కలుగా మార్చి పేజ్‌మేకర్‌కు అందిస్తుంది. ఈ రెండింటినీ వేర్వేరు ప్యాకేజీలుగా కట్టి ఒకదానికొకటి కనబడకుండా చేస్తే పని సాగదు. రెండూ ఒకే ప్యాకేజీలో ఉండాలి, లేదా ప్యాకేజీల మధ్య తలుపు తెరవాలి. యాప్‌-విలో దాన్ని కనెక్షన్ గ్రూపు అంటారు. ఫాంట్లదీ ఇదే సంగతి: ప్యాకేజీలో పెట్టిన ఫాంటు బయటి ప్రోగ్రాములకు దొరుకుతుందని లెక్క వేసుకోకూడదు. కొన్ని ఫాంటు సాఫ్ట్‌వేర్లకు హార్డ్‌వేర్ లాక్ కూడా ఉంటుంది, దాని డ్రైవరు పీసీలోనే పడాలి.

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ, గోదావరి పాయ పేరే ఉన్న గౌతమి ఫాంటుతో, తెలుగుకు యూనికోడ్ ఆసరా ఇచ్చింది. ప్రభుత్వ వెబ్ సేవలు యూనికోడ్‌కు మారాయి. ప్రెస్సులూ డీటీపీ సెంటర్లూ మారడానికి తొందరపడలేదు. ముద్రణలో పాత ఫాంట్ల అందం, చేతికి అలవాటైన కీబోర్డు, పాతికేళ్ల ఫైళ్లు వదులుకోవడం అంత తేలిక కాదు.

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో మరో ముచ్చట. బోర్లాండ్ 1990ల మొదట్లో విడుదల చేసిన టర్బో సి ప్లస్ ప్లస్ పదహారు బిట్ల ప్రోగ్రాము. 64 బిట్ల విండోస్ దాన్ని నడపనే నడపదు. అయినా విద్యార్థులు ఆ నీలం తెర ముందే తొలి ప్రోగ్రాములు రాశారు, డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటరులో దాన్ని చుట్టి ఇచ్చే ప్యాకేజీల పుణ్యమా అని. పుస్తకాల నిర్వచనం ప్రకారం ఇది ఎమ్యులేషన్, వర్చువలైజేషన్ కాదు. ల్యాబ్ అసిస్టెంటుకు ఆ తేడాతో పనిలేదు.

కేంద్రీకరణ, దాని ఖరీదు

2011 నవంబరులో మీసేవ వచ్చింది. డిజిటల్ సంతకంతో ధ్రువపత్రాలు ఇవ్వడం దాని ప్రత్యేకత. 2016 డిసెంబరులో కోనసీమలోని మోరి గ్రామంలో ఇంటర్నెట్ లైన్లు ఇచ్చే ఏపీ ఫైబర్‌నెట్ ప్రారంభమైంది. 2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాల వ్యవస్థ తూర్పు గోదావరి జిల్లా కరప నుంచి మొదలైంది. రాష్ట్రవ్యాప్తంగా 15,004 గ్రామ, వార్డు సచివాలయాలు. ఇన్ని చోట్ల ఆఫీసుకో సర్వర్ పద్ధతిని ఎవరూ తలపెట్టరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో అమలాపురం, కాకినాడ, ఏలూరు కేంద్రాలుగా కొత్త జిల్లాలు ఏర్పడి, రాజమండ్రి తూర్పు గోదావరికీ, భీమవరం పశ్చిమ గోదావరికీ కేంద్రమైనప్పుడు, సర్వర్లో ఒకచోట మార్చిన, ఏ ఊరు ఏ జిల్లాదో చెప్పే మ్యాపింగు అన్ని తెరల మీదా మారింది. 1998 నాటి ఏర్పాటులో అదే పని ఎన్ని రోజులు పట్టేదో ఊహించుకోవచ్చు.

దీనికి ఖరీదు లేకపోలేదు. కార్డ్ తొలినాళ్లలో ఒక సర్వర్ చెడితే ఒక ఊరి పని ఆగేది. ఇప్పుడు సర్వర్ డౌన్ అంటే అన్ని ఊళ్ల పనీ ఆగుతుంది. తుపాను గాలికి స్తంభాలు పడిపోయే డెల్టాలో ఇది చిన్న మాట కాదు. యాప్‌-వికి ఇక్కడొక మెరుగు ఉంది: ప్యాకేజీని ముందే పీసీ క్యాషెలో పూర్తిగా నింపి ఉంచితే లైను లేకపోయినా ప్రోగ్రాము తెరుచుకుంటుంది. అమరిక ప్రణాళిక వేసేవారు బ్యాండ్‌విడ్తుతో పాటు దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి. తెర బొమ్మను మాత్రమే పంపే సిట్రిక్స్ తరహా పద్ధతికి, బ్రౌజరుకు ఆ వెసులుబాటు తక్కువ.

బ్రౌజరు కూడా ఊరికే ఉండలేదు. పాత వెబ్ సేవలు కొన్ని ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరరును నమ్ముకుని రాసినవి. 2022 జూన్ 15న దానికి మద్దతు ఆగింది. ఎడ్జ్‌లోని ఐఈ మోడ్‌ను కనీసం 2029 దాకా కొనసాగిస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. యాప్‌-వి సర్వర్ భాగాలకు మద్దతు గడువు 2026 ఏప్రిల్. 2018లో వచ్చిన ఎంఎస్ఐఎక్స్ ప్యాకేజీ విధానం ఆ స్థానంలోకి వస్తోంది.

2025 జనవరి 30న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మన మిత్ర పేరుతో 161 సేవలను వాట్సాప్‌లో మొదలుపెట్టింది. దరఖాస్తుదారుడికి ఇక పీసీయే అక్కర్లేదు. ఆ దరఖాస్తును పరిశీలించే అధికారి యూఎస్‌బీ టోకెన్‌తో సంతకం చేసేచోట మాత్రం, టోకెన్ డ్రైవరును ఆ బల్ల మీది పీసీలోనే ఇన్‌స్టాల్ చేయాలి.